విండోస్ హోమ్ ఎడిషన్‌లో బ్యాకప్ ఉండదన్న మాట నిజమేనా? మా డీటీపీ సెంటర్‌లో రెండేళ్ళు వాడి చూశాక

2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దానికి ముందే మా చెన్నైని ముంచేసి వెళ్ళింది. ట్రిప్లికేన్‌లో మా డీటీపీ సెంటర్ వీధి కంటే ఒక్క మెట్టే ఎత్తు. నీళ్ళు తగ్గాక మా ఆయనా నేనూ వెళ్ళి షట్టర్ ఎత్తితే, టేబుల్ కింద పెట్టిన రెండు సీపీయూలూ బురదలో నాని ఉన్నాయి. ఒకటి డిజైన్ పనులు చేసే విండోస్ 10 హోమ్ డెస్క్‌టాప్. రెండోది 2005లో కొన్న విండోస్ ఎక్స్‌పీ మెషిన్. మా పాత తెలుగు పనులన్నీ దాంట్లోనే ఉన్నాయి. లాప్‌టాప్ ఇంట్లో ఉంది కాబట్టి బతికింది. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇనప బీరువా పై అరలో ఉంది కాబట్టి అదీ బతికింది.

ఆ డిస్క్‌లో డిజైన్ మెషిన్ బ్యాకప్ ముందు రోజు వరకూ ఉంది. ఎక్స్‌పీ మెషిన్‌ది మాత్రం వినాయక చవితికి ముందు చేత్తో కాపీ చేసిందే ఆఖరు. ఆ తర్వాత మూడు నెలల్లో చేసిన శుభలేఖలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు అన్నీ పోయాయి. ధనుర్మాసానికి ఇవ్వాల్సిన పాశురాల పుస్తకం, 64 పేజీలది, మూడు ప్రూఫులు అయి ప్లేటుకి పోవాల్సింది, అదీ పోయింది. ఆ పుస్తకం కోసం గుడి దగ్గరి పెద్దాయన పట్టుగా కూర్చుని దిద్దిన మూడో ప్రూఫు కాగితాలు నా సంచిలో ఉండిపోయాయి. వాటిని ముందు పెట్టుకుని మేమిద్దరం తొమ్మిది రాత్రులు మళ్ళీ కొట్టాం. ఆ తొమ్మిది రాత్రుల తర్వాతే ఈ బ్యాకప్ సంగతి, విండోస్ ఎడిషన్ల (హోమ్, ప్రో లాంటి రకాల) సంగతి కూలంకషంగా తెలుసుకోవాలని పట్టుపట్టాను.

కొత్త మెషిన్ బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ తమిళ అబ్బాయి. తెలుగు కొంచెం వచ్చు, పనిలో మంచివాడు. "అక్కా, హోమ్ వేస్ట్. హోమ్‌లో బ్యాకప్ ఉండదు. ప్రో వేసుకోండి, అన్నీ వస్తాయి" అన్నాడు. ఈ మాట చాలామంది నోట విన్నాను, మా ప్రింటర్ల వాట్సాప్ గ్రూపులో కూడా. కానీ మా డిజైన్ మెషిన్ ఫైళ్ళు తిరిగొచ్చింది హోమ్ ఎడిషన్ బ్యాకప్ నుంచే. మరి ఈ మాట ఎక్కడి నుంచి పుట్టింది?

పాత రోజుల నుంచి పుట్టింది. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో బ్యాకప్ ప్రోగ్రాం దానితోపాటే ఇన్‌స్టాల్ అయ్యేది. ఎక్స్‌పీ హోమ్‌లో అయితే సీడీలో ఒక మూల ఫోల్డర్ వెతికి విడిగా వేసుకోవాలి. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టాలో కంప్యూటర్ మొత్తాన్ని ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసే సదుపాయం, ఫైల్ పాత వెర్షన్ వెనక్కి తెచ్చుకునే సదుపాయం రెండూ బిజినెస్, అల్టిమేట్, ఎంటర్‌ప్రైజ్ వాళ్ళకే ఇచ్చారు. 2009లో విండోస్ 7 వచ్చాక ఇమేజ్ అందరికీ ఇచ్చారు గానీ, బ్యాకప్‌ను నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్‌కి పంపాలంటే ప్రొఫెషనల్ కావాల్సిందే. కాబట్టి ఆ రోజుల్లో పని నేర్చుకున్న మెకానిక్‌లు చెప్పేది అబద్ధం కాదు, కాలం చెల్లిన నిజం. 2012లో విండోస్ 8తో ఫైల్ హిస్టరీ వచ్చింది. అది అప్పటి నుంచీ హోమ్ ఎడిషన్‌లోనూ ఉంది, నెట్‌వర్క్ ఫోల్డర్‌కి కూడా పంపుతుంది. ఈరోజు విండోస్ 11లో బ్యాకప్ వరకూ చూస్తే హోమ్‌కీ ప్రోకీ మాలాంటి వాళ్ళకి తెలిసేంత తేడా లేదు.

ఫైల్ హిస్టరీ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మమ్మల్ని కాపాడింది ఇదే. ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి ఆన్ చేస్తే గంటకోసారి మారిన ఫైళ్ళని కాపీ చేస్తుంది. పది నిమిషాలకోసారి చేసేలా కూడా మార్చుకోవచ్చు. డీటీపీ పనికి నేను పది నిమిషాలే పెట్టాను. శుభలేఖలో పెళ్ళికూతురు వాళ్ళ ఇంటిపేరు మార్చి సేవ్ చేశాక, "అమ్మా, మొదట ఉన్నదే కరెక్టు" అని ఫోన్ వచ్చిన రోజులు మాకు లెక్కలేనన్ని. ఇప్పుడు ఆ ఫోల్డర్ తెరిచి హిస్టరీ నొక్కి, పొద్దున పదకొండింటి వెర్షన్ తెచ్చుకుంటాను.

తుపాను తర్వాత కొత్త మెషిన్‌కి ఆ డిస్క్ తగిలించినప్పుడు ఒక విషయం గమనించాను. ఫైల్ హిస్టరీ తన కాపీలని ఏదో రహస్య ఫార్మాట్‌లో దాచదు. మామూలు ఫోల్డర్లలో మామూలు ఫైళ్ళుగానే ఉంటాయి, పేరు పక్కన బ్రాకెట్లో తేదీ, టైము, యూటీసీ అన్న మూడక్షరాలు ఉంటాయి. ఇక్కడ మొదట గాబరా పడ్డాను. మేం సాయంత్రం ఏడు గంటలకి పూర్తి చేసిన ఒక కరపత్రం పేరు పక్కన మధ్యాహ్నం ఒంటిగంటన్నర టైము ఉంది. ఆఖరి మార్పులు పోయాయనుకున్నా. తర్వాత అర్థమైంది, యూటీసీ అంటే ప్రపంచమంతా లెక్కకి పెట్టుకున్న టైము, దానికి ఐదున్నర గంటలు కలుపుకుంటే మన టైము వస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా, ఏ కంప్యూటర్‌లోనైనా ఆ డిస్క్ తెరిచి ఫైళ్ళు తీసుకోవచ్చు అన్నది దీనిలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం.

లోపం కూడా ఉంది. అది విండోస్ 11కి వచ్చాక ఎక్కువైంది. విండోస్ 10లో సెట్టింగ్స్‌లోంచే మనకి కావాల్సిన ఏ ఫోల్డర్‌నైనా జత చేయగలిగేవాళ్ళం. విండోస్ 11లో ఆ పేజీ తీసేశారు. ఇప్పుడు ఫైల్ హిస్టరీ కంట్రోల్ ప్యానెల్‌లో ఒక మూలన ఉంది, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లే చూస్తుంది. మాలాంటి వాళ్ళ పనులన్నీ డీ డ్రైవ్‌లో కదా ఉండేది! ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, మరిన్ని ఆప్షన్లలోకి వెళ్ళి, లైబ్రరీలో కలిపితే తప్ప దానికి బ్యాకప్ జరగదు. కలపడం మర్చిపోయినా అది మనల్ని హెచ్చరించదు, గంట గంటకీ ఖాళీగా తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. విండోస్ 11కి మారిన డీటీపీ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఇప్పుడే డిస్క్ తెరిచి డీ డ్రైవ్ ఫైళ్ళు అందులో ఉన్నాయో లేదో చూడండి.

ఇక సిస్టమ్ ఇమేజ్. దీన్ని విండోస్ 11లో కూడా "బ్యాకప్ అండ్ రీస్టోర్, విండోస్ 7" అన్న పాత పేరుతోనే ఉంచారు, హోమ్‌లోనూ ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్, ఫాంట్లు, ప్రోగ్రాములు అన్నీ కలిపి ఒకే ముద్దగా తీసి పెడుతుంది. మా మునిగిన డెస్క్‌టాప్ ఇమేజ్ కూడా ఆ డిస్క్‌లో ఉంది. దాన్ని కొత్త మెషిన్‌లోకి ఎక్కించి మర్నాటి నుంచి పని మొదలెట్టొచ్చని ఆశపడ్డాం. ఎక్కలేదు. పాత హార్డ్ డిస్క్ 1 టీబీ, కొత్త ఎస్ఎస్‌డీ 512 జీబీ. లోపల ఉన్న సరుకు 140 జీబీయే అయినా, మొదటి డిస్క్ అంత లేదా అంతకంటే పెద్ద డిస్క్ ఉంటే తప్ప ఇది ఒప్పుకోదు. ఒకవేళ ఎక్కినా బోర్డు, ప్రాసెసర్ వేరు కాబట్టి బూట్ అవుతుందన్న గ్యారంటీ లేదు.

అప్పుడు మా అక్క కొడుకు ఫోన్‌లో ఒక దారి చెప్పాడు. వాడు ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. "పిన్నీ, ఇమేజ్ ఫోల్డర్ లోపలికి వెళ్ళు. వీహెచ్‌డీఎక్స్ అని పెద్ద ఫైల్ ఉంటుంది. దాని మీద డబుల్ క్లిక్ చెయ్యి, ఇంకో డ్రైవ్‌లా తెరుచుకుంటుంది" అన్నాడు. నిజంగానే తెరుచుకుంది. ఫైల్ హిస్టరీలోకి రాని మా ఫాంట్లు, డిజైన్ చేసే కోరల్ ప్రోగ్రాం సెట్టింగులు, రంగుల పట్టికలు అన్నీ అందులోంచి తీసుకున్నాం. దీనికి కూడా ప్రో అక్కర్లేదు. అయితే ఈ ఇమేజ్ సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2017లోనే ఇక అభివృద్ధి చేయబోమని ప్రకటించి పక్కన పెట్టింది. అందుకే ఇప్పుడు మేము ఇమేజ్ కోసం వీమ్ ఏజెంట్ ఉచిత వెర్షన్ వాడుతున్నాం. అది హోమ్ మీద కూడా నడుస్తుంది. పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేసి పనిచేయించే అలవాటు ఉన్నవాళ్ళకి క్లోన్‌జిల్లా ఉంది, అదీ ఉచితమే.

విండోస్ బ్యాకప్ అని 2023లో ఇంకో యాప్ వచ్చింది. అది వన్‌డ్రైవ్‌లోకి పంపుతుంది, ఉచితంగా వచ్చేది 5 జీబీ. మాకు ఒక ఫ్లెక్స్ బ్యానర్ ఫైలే ఒక్కోసారి అర జీబీ దాటుతుంది. సెట్టింగులు, పాస్‌వర్డులు, ఫోన్ ఫోటోలు ఉన్నవాళ్ళకి పనికొస్తుందేమో గానీ ప్రెస్సు పనివాళ్ళకి ఇది బ్యాకప్ కాదు.

ఇప్పుడు అసలు తేడా ఉన్న చోటికి వస్తాను. అది వర్చువలైజేషన్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడపడం. మాకు అది ఎందుకంటే, మా దగ్గర ఇరవై ఏళ్ళ పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం) ఫైళ్ళు ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. మేము వాడిన తెలుగు లిపి సాఫ్ట్‌వేర్, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు ఒకేలా కనపడేలా చేసే యూనికోడ్ పద్ధతి వాడకంలోకి రాకముందు కాలంది. అందులో కొట్టిన "శ్రీ" ఇంకో చోట తెరిస్తే ఏవేవో ఇంగ్లిష్ గుర్తులుగా కనిపిస్తుంది. పైగా దానికి యూఎస్‌బీ లాక్ ఉంటుంది, పెన్ డ్రైవ్‌లా గుచ్చే చిన్న తాళం. లాక్ గుచ్చితేనే అక్షరాలు పడతాయి. ఎక్స్‌పీ మెషిన్ మునిగినా, లాక్ గల్లాపెట్టె సొరుగులో ఉండి దక్కింది. డబ్బాతో విడిగా కొన్న ఎక్స్‌పీ సీడీ కూడా ఇంట్లో ఉంది. డబ్బాతో కొన్న లైసెన్సు కాబట్టి వేరే చోటికి మార్చుకోగలిగాం. కంప్యూటర్‌తో కలిసి వచ్చిన లైసెన్సు అయితే ఆ కంప్యూటర్‌తోనే ముగిసిపోయేది.

విండోస్‌లోనే వచ్చే వర్చువలైజేషన్ సదుపాయం పేరు హైపర్-వీ. హోమ్‌లో అది లేదు. ప్రోలో ఉంది, విండోస్ 8 ప్రో నుంచీ ఉంది. అందుకే ప్రో తీసుకుందామనుకున్నాం. ఇక్కడ ఒక తప్పు జరిగింది. ఒక షాపులో ఐదు వందలకే ప్రో కీ ఇస్తామన్నారు, తీసుకున్నాం. నాలుగు నెలలకి తెర మూలన "యాక్టివేట్ విండోస్" అని వచ్చి కూర్చుంది. షాపు వాళ్ళు ఫోన్ ఎత్తలేదు. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీలోంచి మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే కొన్నాం. అలా కొంటే ఫార్మాట్ అక్కర్లేదు, ఒక్క రీస్టార్ట్‌తో హోమ్ ప్రోగా మారుతుంది, ఫైళ్ళు కదలవు. ఐదు వందల కీ జోలికి ఎవరూ పోవద్దు. మనది పదిమంది పెళ్ళి పనులు చేతిలో పెట్టుకుని నడిపే వృత్తి.

ప్రో వచ్చినా హైపర్-వీ దానంతట అది కనపడదు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆన్ చేయాలి, ఆ తర్వాత విండోస్ ఫీచర్ల జాబితాలో టిక్కు పెట్టాలి. అన్నీ చేసి, జనరేషన్ 1 (పాత విండోస్‌లకి సరిపడే రకం) మెషిన్ ఒకటి సృష్టించి, 1 జీబీ మెమరీ ఇచ్చి ఎక్స్‌పీ వేశాం. ఆ పచ్చని కొండ, నీలి ఆకాశం తెర మీద కనిపించేసరికి మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పేజ్‌మేకర్ ఎక్కింది, ఫైళ్ళు తెరుచుకున్నాయి.

లాక్ దగ్గర ఆగిపోయాం. డెస్క్‌టాప్ ముందు భాగంలో గుచ్చితే పైన ఉన్న విండోస్ 11కి కనిపిస్తోంది. లోపల ఉన్న ఎక్స్‌పీకి కనిపించడం లేదు. ఒక రోజంతా పోర్టులు మార్చి మార్చి చూశాం. చివరికి మా అక్క కొడుకు చెప్పాడు, హైపర్-వీ యూఎస్‌బీ పరికరాన్ని నేరుగా లోపలికి అందించదని. కొత్త విండోస్ లోపల ఉంటే రిమోట్ డెస్క్‌టాప్ (ఒక కంప్యూటర్‌ని ఇంకో చోటి నుంచి నడిపే) పద్ధతిలో కొంతవరకు కుదురుతుంది గానీ ఎక్స్‌పీకి అదీ లేదు. మౌస్ కూడా ఇబ్బందే. ఒకసారి లోపల క్లిక్ చేస్తే బయటికి రాదు, కంట్రోల్, ఆల్ట్, ఎడమ బాణం మూడూ కలిపి నొక్కి విడిపించుకోవాలి. నాకు దీంట్లో బాధ కలిగించింది ఏమిటంటే, విండోస్ 7 ప్రొఫెషనల్‌తో ఎక్స్‌పీ మోడ్ అని ఉచితంగా ఇచ్చేవారు, దాంట్లో యూఎస్‌బీ పనిచేసేది. చిన్న వ్యాపారాల వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ కోసమే దాన్ని చేశారు. ఆ అవసరం మాకు ఇంకా తీరలేదు, ఆ సదుపాయం మాత్రం పోయింది.

ఇంకో పాఠం కూడా హైపర్-వీ దగ్గరే నేర్చుకున్నాం. దాంట్లో చెక్‌పాయింట్ అని ఉంటుంది. ఇప్పుడున్న స్థితిని గుర్తుపెట్టుకుని, ఏదైనా చెడితే ఒక్క నొక్కుతో వెనక్కి తెస్తుంది. ప్రతి వారం ఒకటి తీస్తున్నాను, ఇంకేం భయం లేదని మా అక్క కొడుకుతో చెప్పాను.

"ఆ చెక్‌పాయింట్ ఏ డిస్క్‌లో ఉంది పిన్నీ?" అని అడిగాడు.

"అదే డిస్క్‌లోనే నాన్నా."

"మరి మళ్ళీ వాన వస్తే?"

నిజమే. చెక్‌పాయింట్ ఫైల్ తన తల్లి ఫైల్ మీద ఆధారపడి ఉంటుంది. తల్లి ఫైల్ పోతే పిల్ల ఫైల్‌కి విలువ లేదు. ఫాంట్ ఒకటి వేసి చూడాలన్నా, సెట్టింగ్ ఒకటి మార్చి చూడాలన్నా చెక్‌పాయింట్ బంగారం లాంటిది. కానీ దాన్ని బ్యాకప్ అనుకుంటే మళ్ళీ తొమ్మిది రాత్రులు కూర్చోవాల్సి వస్తుంది. హైపర్-వీలో అసలు బ్యాకప్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ వాడి వేరే డిస్క్‌కి పంపాలి.

తర్వాత హైపర్-వీ లాంటి పనే చేసే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాం ప్రయత్నించాం. హోమ్ మీద కూడా నడుస్తుంది, లాక్‌ని లోపలికి తీసుకుంది. కానీ నత్తనడక. కింద పట్టీలో ఒక చిన్న ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపించింది. బొమ్మ అందంగా ఉందనుకున్నానే గానీ దాని అర్థం తెలియలేదు. అడుగున విండోస్ సొంత హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లని నడిపే ఇంజన్) నడుస్తోంది, అందుకే నెమ్మదిగా పనిచేస్తున్నాను అని అది చెప్తోందట. హైపర్-వీ టిక్కు తీసేసినా తాబేలు పోలేదు. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ అని ఉంటుంది. అది కూడా అదే హైపర్‌వైజర్‌ని వాడుతుంది. హోమ్ ఎడిషన్‌లో కూడా ఇది ఉంటుంది. అంటే హోమ్ అడుగున కూడా ఆ ఇంజన్ ఉంది, దాన్ని మనం నడిపించుకునే స్టీరింగ్ మాత్రమే ప్రో వాళ్ళకి ఇచ్చారు. మెమరీ ఇంటెగ్రిటీ ఆపితే తాబేలు పోతుంది. కానీ అది రక్షణ కోసం పెట్టింది, ఊళ్ళో అందరి పెన్ డ్రైవులూ గుచ్చే మెషిన్ మీద దాన్ని ఆపడం నాకు ఇష్టం లేకపోయింది.

మా కష్టం గట్టెక్కించింది అదే కోవకి చెందిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో అనే ప్రోగ్రాం. 2024 మే నెలలో దాన్ని సొంత వాడకానికి ఉచితం చేశారు, నవంబర్ నుంచి వ్యాపారానికి కూడా ఉచితమే అన్నారు. వీఎంవేర్ యజమాని బ్రాడ్‌కామ్ సైట్‌లో అకౌంట్ తెరిచి, డౌన్‌లోడ్ దొరికే పేజీ పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. ఆ తర్వాత అంతా సాఫీగా సాగింది. దీన్ని ప్రో ఉన్న డెస్క్‌టాప్ మీద కాదు, కావాలనే హోమ్ ఉన్న లాప్‌టాప్ మీద వేశాం. ఎక్స్‌పీ వేసి, మెనూలో లాక్ పేరు వెతికి కనెక్ట్ నొక్కాను. లాక్ మీద చిన్న ఎర్ర లైటు ఒకసారి ఆరి మళ్ళీ వెలిగింది. పేజ్‌మేకర్ తెరిచి మళ్ళీ కొట్టిన పాశురాల పుస్తకం మొదటి పేజీ తీశాను. గుండ్రటి అక్షరాలు, వత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆ పేజీని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆపేసింది. అందుకని లోపలి మెషిన్‌కి నెట్‌వర్క్ కార్డే ఇవ్వలేదు. పేజీలు పీడీఎఫ్ చేసి, పెన్ డ్రైవ్‌ని కూడా లాక్ లాగే లోపలికి ఇచ్చి బయటికి తెచ్చుకుంటాం. కాస్త పాతకాలం పద్ధతే, కానీ వైరస్ టెన్షన్ లేదు.

ఇలా నడపడంలో ఉన్న గొప్ప లాభం బ్యాకప్ దగ్గర తెలిసింది. ఇదివరకు ఎక్స్‌పీ మెషిన్ అంటే ఒక ఇనప డబ్బా, దాన్ని ఎత్తుకుపోలేం. ఇప్పుడది ఒక ఫోల్డర్. శనివారం రాత్రి లోపలి ఎక్స్‌పీని పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఫోల్డర్ మొత్తాన్ని డిస్క్‌లోకి కాపీ చేస్తాను. సస్పెండ్‌లో ఉండగా, నడుస్తుండగా కాపీ చేస్తే సగం సగంగా వచ్చే ప్రమాదం ఉంది, అలా చేయను. నెలకోసారి ఆ కాపీని నిజంగా బూట్ చేసి, ఒక పాత శుభలేఖ తెరిచి చూస్తాను. మార్చిలో ఒకసారి కాపీ మధ్యలో కేబుల్ కదిలి ఫైల్ పాడైంది. అలా తెరిచి చూశాను కాబట్టే తెలిసింది.

మరి ప్రో డబ్బులు దండగా? మా డెస్క్‌టాప్ వరకూ కాదు. దానికి కారణం హైపర్-వీ కాదు, విండోస్ శాండ్‌బాక్స్. అదీ ప్రోలోనే ఉంటుంది. తెరిస్తే ఖాళీ విండోస్ ఒకటి వస్తుంది, మూసేస్తే అందులో జరిగినదంతా పోతుంది. కస్టమర్లు మెయిల్‌లో పంపే జిప్ ఫైళ్ళు, "ఫోటోలు" అని పేరు పెట్టిన అనుమానాస్పదమైన ఫైళ్ళు ముందు దాంట్లోకి కాపీ చేసి తెరుస్తాను. రోజూ కొత్త మనుషుల ఫైళ్ళు తెరిచే మెషిన్‌కి ఇది చాలా మంచిది. వాన రోజుల్లో ఇంటి నుంచి సెంటర్ డెస్క్‌టాప్‌ని రిమోట్ డెస్క్‌టాప్‌తో నడపాలన్నా ఆ డెస్క్‌టాప్‌లో ప్రో ఉండాలి. ప్రో 2 టీబీ వరకు మెమరీ తీసుకుంటుంది, హోమ్ 128 జీబీయే అని కొందరు చెప్తారు. 16 జీబీతో పనిచేసుకునే మనకి ఆ లెక్క అక్కర్లేదు.

బిట్‌లాకర్ గురించి ఒక్క మాట. బిట్‌లాకర్ అంటే డిస్క్ మొత్తానికి తాళం వేసే సదుపాయం. పూర్తి బిట్‌లాకర్ ప్రోలోనే ఉంటుంది గానీ, కొత్త హోమ్ లాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో డిస్క్ దానంతట అదే తాళం వేసుకుని ఉండొచ్చు. దాని 48 అంకెల కీ మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ కీ లేకపోతే రిపేరు షాపు వాళ్ళు డిస్క్ విప్పి తీసినా ఫైళ్ళు రావు. మా లాప్‌టాప్‌ది ప్రింట్ తీసి సెంటర్ అద్దె కాగితాలతో కలిపి బీరువాలో పెట్టాను. ఇంకోటి, తాళం వేసిన డిస్క్ నుంచి తీసిన విండోస్ ఇమేజ్‌కి ఆ తాళం ఉండదు. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఎవరి చేతికైనా పోతే కస్టమర్ల ఫైళ్ళన్నీ వాళ్ళకి కనిపిస్తాయి. దాని జాగ్రత్త దానికి పడాలి.

పెద్ద ప్రెస్సు వాళ్ళు సర్వర్ ఎడిషన్ గురించి అడుగుతుంటారు. దాంట్లో విండోస్ సర్వర్ బ్యాకప్ వేరుగా ఉంటుంది, వర్చువల్ మెషిన్లని పేరు పేరునా ఎంచి బ్యాకప్ తీయొచ్చు. హైపర్-వీ రెప్లికా అని, నడిచే మెషిన్ నకలు ఇంకో సర్వర్‌లో సిద్ధంగా ఉంచే సదుపాయం కూడా సర్వర్‌కే. స్టాండర్డ్ లైసెన్సుతో రెండు విండోస్ సర్వర్ వర్చువల్ మెషిన్లు, డేటాసెంటర్ లైసెన్సుతో ఎన్నైనా. ఇద్దరు ముగ్గురు కూర్చునే డీటీపీ సెంటర్‌కి ఇది అవసరం లేదు. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో మన పనికి ప్రో కంటే ఎక్కువ దొరికేది నాకేమీ కనపడలేదు.

తెలుగు అచ్చుకి ఈ ఊరితో పాత బంధం ఉంది. వావిళ్ళ వారి ప్రెస్సు 1854లో మొదలైంది ఇక్కడే. ఆ సీసపు అక్షరాలు ఎవరైనా పెట్టెలో సర్ది దాచుకోగలిగేవారు. మన అక్షరాలు ఒక లాక్‌లో, ఒక డిస్క్‌లో ఉన్నాయి. చెన్నైలో ఇంకా పేజ్‌మేకర్ మీద తెలుగు పని చేసేవాళ్ళు నాకు తెలిసి చాలామందే ఉన్నారు, వాళ్ళ ఎక్స్‌పీ మెషిన్లు ఇప్పటికీ టేబుల్ కిందే ఉన్నాయి. వాళ్ళలో ఎవరైనా ఈ పని చేసుకోవాలంటే మా సెంటర్‌కి వచ్చి చూసి వెళ్ళొచ్చు, ఒక సాయంత్రం కూర్చోబెట్టి చూపిస్తాను.

ప్రస్తుతం మా ఏర్పాటు ఇదీ: డెస్క్‌టాప్‌కి ప్రో, లాప్‌టాప్‌కి హోమ్, రెండింటికీ ఫైల్ హిస్టరీ, నెలకోసారి ఇమేజ్, ఎక్స్‌పీ ఫోల్డర్‌కి శనివారం కాపీ. సీపీయూ టేబుల్ మీదికి ఎక్కింది. ఒక డిస్క్ బీరువాలో ఉంటుంది, ఇంకోటి రోజూ రాత్రి నా సంచిలో ఇంటికి వస్తుంది. వచ్చే నెల మూడో మెషిన్ కొంటున్నాం. టెక్నీషియన్ తమ్ముడు ప్రో కోట్ చేశాడు. హోమే చాలని చెప్పి, ఆ తేడా డబ్బుతో ఇంకో డిస్క్ ఇవ్వమన్నాను.